కొన్న సరుకు మీద అనుమానం వస్తే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

ఇందుకూరుపేట వైపు గుంటల్లో పెరిగిన వెనామీ రొయ్య యూరప్‌కి పోవాలంటే, గుంటలోంచి పట్టకముందే దాని నమూనా ల్యాబుకి పోవాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత యాంటీబయాటిక్‌ల ఆనవాళ్లు లేవని కాగితం చేతికొస్తేనే ఆ సరుకును అక్కడికి పంపగలరు. అదే రొయ్య బుట్టలో మన వీధిలోకి వస్తే మనం అడిగేది ఒకటే: "కిలో ఎంత?"

మన కంచానికి చట్టం లేదనుకోకండి. 2006లో చేసిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. 1954 నాటి పాత కల్తీ నిరోధక చట్టం పోయి ఇది వచ్చింది. ఆ యాంటీబయాటిక్‌ల నిషేధం ఇక్కడ అమ్మే రొయ్యకూ వర్తిస్తుంది. ఎగుమతి సరుకుకి కాగితం అడిగే కొనుగోలుదారు ఉన్నాడు, ఇక్కడ లేడు, అంతే తేడా. ఆ అడగడం ఎలాగో, అనుమానాన్ని అధికారి కాదనలేని రుజువుగా ఎలా మార్చాలో వరుసగా చెబుతాను.

కొనేటప్పుడే మొదలుపెట్టండి: బిల్లు, నంబరు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో టోకున కొన్నా, ఊళ్లో చిల్లర కొట్లో కొన్నా బిల్లు తీసుకోండి. "ఏందక్కా, ఎన్నేళ్లుగా మా దగ్గరే తీసుకుంటున్నావు, ఇప్పుడు బిల్లెందుకు?" అంటారు. "నీ మీద అనుమానంతో కాదన్నా, నీకు సరుకు వేసినోడు తేడా చేస్తే ఇద్దరం పట్టుకోవచ్చు" అని చెప్పండి. మాట వరసకి అనడం కాదు, చట్టం కూడా అదే అంటుంది. చిల్లర వ్యాపారికి టోకు వ్యాపారి ఇచ్చిన బిల్లు, ఆ సరుకుకి రాతపూర్వక హామీతో సమానం. బిల్లు చేతిలో లేకపోతే ఆ సరుకు ఆ కొట్లోదేనని మీరు చూపించలేరు. చాలా ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి.

2022 జనవరి 1 నుంచి ఆహార వ్యాపారులు ఇచ్చే బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలన్నది నిబంధన. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అంటే దేశంలో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ. ప్యాకెట్ మీదా ఇలాంటి నంబరే ఉంటుంది, అది తయారీదారుది. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారులకిచ్చే రిజిస్ట్రేషన్. తర్వాతి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. అక్కడ 00 ఉంటే కేంద్రం ఇచ్చిన లైసెన్సు. ఫోన్లో ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ వేసుకుని నంబరు కొట్టి చూడండి. మూడు సంగతులు సరిపోల్చండి: పేరు, చిరునామా, నంబరు ప్రస్తుతం చెల్లుబాటులో ఉందా లేదా. ఒక నంబరు ఒక చోటికే. ఒంగోలు చిరునామాతో తీసుకున్న నంబరును ఇంకో ఊళ్లో నడిచే రెండో యూనిట్ ప్యాకెట్ల మీద అచ్చేసుకోవడం కుదరదు. నంబరు కొడితే ఇంకెవరి పేరో వస్తే వెంటనే తెర ఫొటో తీసి పెట్టుకోండి, ఫిర్యాదులో అంతకంటే గట్టి కాగితం ఉండదు.

ఒకటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆ నంబరు ఉందంటే సరుకు మంచిదని ప్రభుత్వం పరీక్ష చేసి ముద్ర వేసిందని అర్థం కాదు. ఆ వ్యాపారి ప్రభుత్వం లెక్కలో ఉన్నాడు, తప్పు చేస్తే వెతికి పట్టుకోవచ్చు, అంతవరకే.

లేబుల్ మీద మిగతావి తెలిసినవే: తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు, బరువు, ధర, తయారీదారు పూర్తి చిరునామా. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాయాలి. నెయ్యి డబ్బా మీద బొమ్మ ఆవుదైనా, జాబితాలో మొదటి మాట వనస్పతి అయితే మీరు కొంటున్నది వనస్పతే. విడిగా అమ్మే మిఠాయిల దగ్గర ఏ తేదీ లోపు తినాలో పళ్లెం ముందు రాసి పెట్టాలని 2020 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. విడి నూనెకీ నిబంధన ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప వంటనూనెను సీలు, లేబుల్ లేకుండా అమ్మకూడదు. కళ్లముందు ఆడించిన గానుగ నూనె అని చెప్పినా సీసాకి సీలు, నంబరు అడగండి. మన వేరుశనగకి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, నూనె రంగులో కనపడదు. గానుగ దగ్గర కుదిరితే నూనె కంటే ముందు అక్కడ పోసిన గింజలు చూడండి. ముడుచుకుపోయినవి, పచ్చగా నల్లగా బూజు పట్టినవి ఏరకుండా వేస్తుంటే ఆ నూనె వద్దు.

ఇంటి పరీక్ష ఎంతవరకు నమ్మాలి

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇంట్లో చేసుకునే పరీక్షలను డార్ట్ అన్న పేరుతో పుస్తకంగా వేసింది. వాటిలో మన వంటింటికి పనికొచ్చేవి ఇవి.

కారం: గాజు గ్లాసులో నీళ్లు పోసి పైన చిటికెడు కారం చల్లండి. కదపొద్దు. ఎర్రటి చారలు కిందికి దిగుతుంటే నీటిలో కరిగే రంగు కలిసిందని అనుమానించాలి. అడుక్కి చేరిన పొడిని వేళ్ల మధ్య నలిపితే గరగరలాడితే ఇటుక పొడో ఇసుకో ఉండొచ్చు.

పసుపు: గ్లాసు నీళ్లలో ఒక చెంచా వేస్తే మంచి పసుపు అడుక్కి పోతూ నీటికి లేత రంగే ఇస్తుంది. నీళ్లు చిక్కటి పసుపెక్కితే కొనడం ఆపండి. పసుపులో మెరుపు కోసం కలిపే లెడ్ క్రోమేట్‌లో సీసం ఉంటుంది. అది పిల్లల మెదడుకి చేటు, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

పాలు: స్టీలు పళ్లెం ఏటవాలుగా పట్టుకుని ఒక చుక్క వదలండి. చిక్కటి పాలు మెల్లగా జారుతూ తెల్లటి చార వదులుతాయి, నీళ్లు కలిస్తే చార లేకుండా జారిపోతాయి. పాలు, నీళ్లు సమానంగా సీసాలో పోసి గట్టిగా కుదిపినప్పుడు దట్టంగా నురగ నిలిస్తే డిటర్జెంట్ అనుమానం. మిరియాలు నీళ్లలో వేస్తే తేలేవి బొప్పాయి గింజలు కావచ్చు.

ఇవన్నీ అనుమానం పుట్టించడానికే. కేసు నిలబడాలంటే ఫుడ్ అనలిస్ట్ (ప్రభుత్వం నియమించిన ల్యాబు నిపుణుడు) నివేదిక కావాలి. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి వివాదం రేగినప్పుడు మన ఇళ్లలో నెయ్యి డబ్బా మూత తీసి వాసన చూడని వాళ్లు లేరు. కానీ ఆ నెయ్యిలో ఏముందో తెలుసుకోవడానికి నమూనాలు అంతకుముందే గుజరాత్‌లోని ఆనంద్ ల్యాబు దాకా పోవాల్సొచ్చింది. అక్టోబరు 4న సుప్రీంకోర్టు వేసిన దర్యాప్తు బృందంలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అధికారిని కూడా చేర్చారు. నెయ్యిలో ఏ కొవ్వు ఎంత ఉందో పరికరం చెప్పాలి గానీ ముక్కు చెప్పలేదు.

ఇంటి పరీక్ష దారి తప్పించిన సందర్భమూ ఉంది, దాని వల్ల పేదల తిండి మీదే అనుమానం పడింది. రేషన్ బియ్యం కడిగితే కొన్ని గింజలు తేలాయని, ప్లాస్టిక్ బియ్యమని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ నేల మనది, గింజలో తేడా వస్తే మన కన్ను ఇట్టే పట్టేస్తుంది, అందులో తప్పు లేదు. కానీ ఆ తేలిన గింజలు రక్తహీనత తగ్గించడానికి కలిపినవి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి యంత్రంతో గింజలా ఒత్తుతారు. ఆ రేషన్ బియ్యంలో మామూలు బియ్యం 100 కిలోలకి ఇవి కిలో చొప్పున కలిపారు. బరువు తక్కువ కాబట్టి తేలతాయి. వాటిని ఏరి పారేస్తే బిడ్డకి అందాల్సిన ఇనుము పారబోసినట్టే. అనుమానం తీరకపోతే మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ చుక్క వేసి చూడండి. పిండి పదార్థమైతే నీలి నలుపు రంగుకి మారుతుంది, ప్లాస్టిక్ మారదు.

చేపలు, రొయ్యలు

మన జిల్లాల్లో దీనికి విడిగా చెప్పక తప్పదు. పులుసుకి కొరమేనో బొమ్మిడాయిలో కొనేవాళ్లు బతికున్నవి చూసి కొంటారు, కాబట్టి అక్కడ ఇబ్బంది తక్కువ. చిక్కంతా ఐసులో వచ్చే సముద్రపు చేపతోనే. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉండాలి. కన్ను ఉబ్బి తేటగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. చేపకి చేప వాసన ఏ మాత్రం లేకుండా, మొప్పలు పాలిపోయి, ఒళ్లు మాత్రం బిర్రుగా ఉంటే ఫార్మాలిన్ (కుళ్లిపోకుండా నిలవ ఉంచే రసాయనం) కలిపారని అనుమానించవచ్చు. కంటితో తేలే సంగతి కాదు గానీ, కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీనికి కాగితపు పట్టీ కిట్ తయారు చేసింది. మీ మార్కెట్లో ఆ కిట్‌తో తనిఖీ చేయమని ఫుడ్ సేఫ్టీ అధికారిని రాతపూర్వకంగా అడగండి.

ఐసును కూడా చూడండి. తినడానికి పనికిరాని నీళ్లతో చేసిన ఐసుకి నీలి రంగు కలపాలని 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. చెరుకు రసం బండి మీదో సోడా కొట్లోనో నీలి ఐసు గడ్డ కనపడితే అది మన గ్లాసులోకి రావాల్సింది కాదు.

రొయ్యల్లో యాంటీబయాటిక్‌ని కన్నూ ముక్కూ పట్టలేవు. గుంటలో తెల్ల మచ్చల తెగులు వస్తే రైతు హడావిడిగా పట్టి స్థానికంగా అమ్మేస్తాడు. ఆ వైరస్ మనిషికి సోకదు, దానికి భయపడక్కర్లేదు. భయపడాల్సింది తెగులు ఆపాలని వేసే మందులకి. వైరస్ మీద యాంటీబయాటిక్ అసలు పనిచేయదు, రైతుకి డబ్బు దండగ, మనకి మందు తిండి. వీలైతే రొయ్యను తలతో కొనండి. తల గట్టిగా అంటుకుని ఉంటే తాజాది, నల్లబడి ఊడుతుంటే నిలవది. మందుల విషయంలో మాత్రం ల్యాబు పరీక్ష తప్ప దారి లేదు, ఆ హక్కు గురించి కింద ఉంది.

తేడా కనపడ్డాక, ఎవరికీ చెప్పకముందు

ముందు సరుకును కాపాడండి. సగం వాడిన ప్యాకెట్టైతే మూతి మడిచి క్లిప్పు పెట్టి, ఇంకో శుభ్రమైన కవరులో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. కవరు మీద తేదీ, కొన్న కొట్టు, కనపడ్డ తేడా రాయండి. పురుగో గాజు ముక్కో వస్తే బయటికి తీయకుండా ఉన్నచోటే ఫొటో తీయండి. లేబుల్, బ్యాచ్ నంబరు, బిల్లు అన్నీ ఒకే ఫొటోలో పడేలా ఇంకొకటి తీయండి.

వెంటనే చేయాల్సిన పని ఇంకోటుంది, చాలామందికి తట్టదు. అదే కొట్టుకి వెళ్లి అదే బ్యాచ్ నంబరున్న సీలు తీయని ప్యాకెట్ ఇంకోటి బిల్లుతో కొనండి. మీరు తెరిచిన ప్యాకెట్ గురించి అవతలివాళ్లు "మీ ఇంట్లోనే కలిసింది" అంటారు. సీలున్న ప్యాకెట్ గురించి ఆ మాట అనలేరు.

కొట్టు పేరు పెట్టి వీడియో చేసి గ్రూపుల్లో వేయొద్దని బతిమాలి చెబుతున్నాను. వీడియో చూసిన మరుక్షణం ఆ సరుకు గోడౌన్ నుంచి మాయమవుతుంది, అధికారి వెళ్లేసరికి తీయడానికి నమూనా మిగలదు. అనుమానం తప్పని తేలితే ఒక కుటుంబం బతుకుతెరువు పోతుంది, మీ మీద పరువు నష్టం కేసూ రావచ్చు.

ఫిర్యాదు

మూడు దారులున్నాయి. మొదటిది ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్, అందులో ఫొటోలు పెట్టొచ్చు, వచ్చిన ఫిర్యాదు నంబరు రాసుకోండి. రెండోది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800 112 100. మూడోది జిల్లాలో అసిస్టెంట్ ఫుడ్ కంట్రోలర్ కార్యాలయానికి నేరుగా ఇచ్చే అర్జీ. వీలైతే మూడోది కూడా చేయండి. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ ముద్ర ఉన్న కాగితం జతచేసి ఇవ్వండి.

అర్జీ ఇలా ఉంటే చాలు:

"అయ్యా, నేను ఫలానా తేదీన ఫలానా వీధిలోని ఫలానా కొట్లో ఫలానా కంపెనీ కారం అర కిలో ప్యాకెట్ కొన్నాను. బిల్లు నంబరు, బ్యాచ్ నంబరు, ప్యాకెట్ మీది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఇవి. నీళ్లలో వేయగా ఎర్రటి రంగు చారలుగా దిగింది. అదే బ్యాచ్ సీలున్న ప్యాకెట్ నా వద్ద ఉంది. ఆ కొట్టు నుంచి, సరుకు పంపిన వారి నుంచి చట్ట ప్రకారం నమూనాలు తీసి పరీక్షకు పంపాలని, తీసుకున్న చర్యను నాకు రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను."

"విషం అమ్ముతున్నారు" లాంటి మాటలు రాయొద్దు. చూసింది, కొన్నది, కోరేది, ఇంతే.

బరువు తక్కువైనా, ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకున్నా అది తూనికలు కొలతల శాఖ పని, అర్జీ అక్కడివ్వాలి. తాగునీటి సంగతి వేరు. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ భయంతో క్యాన్ నీళ్లు కొనేవాళ్లు ప్లాంటు యజమానిని పరీక్ష నివేదిక చూపించమని అడగండి. లీటరుకి ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఊరి బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించుకోవచ్చు.

మీరే పరీక్ష చేయించాలంటే: సెక్షన్ 40

ఈ చట్టంలో మామూలు మనిషి చేతికిచ్చిన బలమైన హక్కు ఇదే, తెలిసినవాళ్లు మాత్రం బహు తక్కువ. ఎవరైనా సరే తాను కొన్న సరుకును రుసుము కట్టి ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు. ఒక షరతు ఉంది: పరీక్షకి పంపుతానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. ఇంటికొచ్చాక గుర్తొస్తే కుదరదు. అందుకే కొట్లో పక్కన ఇంకో మనిషిని పెట్టుకుని, చెప్పిన మాట బిల్లు వెనక రాసి, వీలైతే సంతకం తీసుకోండి. సరుకు ప్రమాణాలకు తగ్గట్టు లేదని తేలితే మీరు కట్టిన రుసుము తిరిగివ్వాలి. అనలిస్ట్ ఆ నివేదికను అధికారికీ పంపాలి, కేసు అక్కడి నుంచి మొదలవుతుంది. రుసుము ఎంత, ఎంత నమూనా కావాలి అన్నది ఫుడ్ కంట్రోలర్ కార్యాలయంలో ముందే కనుక్కుని వెళ్లండి. గుంట యజమానో వ్యాపారో మందుల్లేని రొయ్య అని చెప్పి ఎక్కువ ధరకి అమ్ముతుంటే, నాలుగిళ్ల వాళ్లు కలిసి రుసుము పంచుకుని ఈ హక్కు వాడుకోవచ్చు.

అధికారి నమూనా తీశాక

అధికారి కొట్టుకి వెళ్లినప్పుడు సరుకుకి డబ్బిచ్చి, రాతపూర్వకంగా నోటీసిచ్చి, నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్ట్‌కి, రెండు ఈ చట్టం కింద జిల్లాకి నియమించిన అధికారి దగ్గరికి. వ్యాపారి కోరితే నాలుగోది ఇంకో గుర్తింపు పొందిన ల్యాబుకి పోతుంది. రెండు నివేదికలు పొసగకపోతే దాచిన భాగాల్లో ఒకటి రిఫరల్ ల్యాబుకి పంపుతారు, దాని మాటే ఆఖరు. అనలిస్ట్ 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి.

ప్రాణానికి ముప్పు లేని నాసిరకం సరుకు, తప్పుడు లేబుల్ లాంటి కేసులు జాయింట్ కలెక్టర్ దగ్గర తేలతాయి. నాసిరకానికి 5 లక్షల దాకా, తప్పుడు లేబుల్‌కి 3 లక్షల దాకా జరిమానా. తింటే ప్రమాదమని తేలిన సరుకైతే కోర్టుకి పోతుంది, జైలు శిక్ష కూడా ఉంటుంది.

నెలన్నర దాటినా కబురు రాకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "చర్య ఏం తీసుకున్నారు" అని వదులుగా అడిగితే "పరిశీలనలో ఉంది" అని వదులుగానే జవాబొస్తుంది. తనిఖీ తేదీ, నమూనా కోడ్ నంబరు, ల్యాబుకి పంపిన తేదీ, అనలిస్ట్ నివేదిక నకలు, ఈ నాలుగూ విడివిడిగా అడగండి. నివేదికలో సరుకు సరిగ్గానే ఉందని వస్తే, మీరు ముందు ఎవరెవరితో అనుమానం చెప్పారో వాళ్లందరికీ ఆ సంగతీ చెప్పండి. ఆ కొట్టుకి మీరు బాకీ ఉన్న మాట అది.

ఒళ్లు పాడైతే

ముందు ఆసుపత్రి. ఎప్పుడు, ఎక్కడ, ఏం తిన్నారో డాక్టరుకి చెప్పి కేస్ షీట్‌లో రాయించండి. ఆఖరున తిన్నదే కారణమని అందరం అనుకుంటాం. స్టఫైలోకాకస్ విషమైతే గంటల్లోనే వాంతులు మొదలవుతాయి, సాల్మొనెల్లా అయితే రోజులు కూడా పట్టొచ్చు. కాబట్టి గడిచిన మూడు రోజుల తిండి రాసివ్వండి. మీతో తిన్నవాళ్లలో ఎవరికి వచ్చింది, వాళ్లలో ఎవరు ఏ వంటకం ముట్టలేదు అన్నది రాస్తే కారణం త్వరగా దొరుకుతుంది. మిగిలిన కూరో బిరియానీయో ఉంటే ఫ్రిజ్‌లో దాచి అధికారికివ్వండి.

సురక్షితం కాని తిండి వల్ల మనిషి చనిపోతే కనీసం 5 లక్షలు, తీవ్రమైన హాని జరిగితే 3 లక్షల దాకా, మిగతా వాటికి లక్ష దాకా పరిహారం ఇప్పించే వీలు ఈ చట్టంలోనే ఉంది. అది కాక నెల్లూరు, ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లలోపు వెళ్లొచ్చు. సరుకు విలువ 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలును పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు. అక్కడ అవసరమైతే కమిషనే సరుకును ల్యాబుకి పంపిస్తుంది. సీలు తీయకుండా దాచిన ఆ రెండో ప్యాకెట్ విలువ అప్పుడు తెలుస్తుంది. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ తెలుగులో కూడా పలుకుతుంది.

మీరే అమ్మేవారైతే

ఇంట్లో పచ్చళ్లు పట్టి అమ్మే అక్కలు, బజ్జీల బండి నడిపే అన్నలు ఇదంతా తమ మీదికే వస్తుందని భయపడతారు. చిన్న వ్యాపారికి రిజిస్ట్రేషన్ సరిపోతుంది. అడిగిన నాణ్యత లేని సరుకు అమ్మారన్న కేసు పడినా వాళ్లకి జరిమానా 25 వేలు దాటకూడదని చట్టమే చెప్పింది. బజ్జీలు న్యూస్‌పేపర్లో చుట్టొద్దు, సిరా నూనెలో దిగుతుంది, నిబంధనలూ ఒప్పుకోవు. కాగిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె పదే పదే కాగితే పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదన్నది 2018 జులై నుంచి ఉన్న నియమం. బండి మీద కొలిచే పరికరం ఉండదు కాబట్టి నూనె నల్లబడి, చిక్కబడి, పొగ ముందే వస్తుంటే పారబోయాల్సిందే. కారం, నూనె, ఉప్పు కొన్న ప్రతి బిల్లునీ నెలవారీగా కట్ట కట్టి పెట్టుకోండి. మీ పచ్చడిలో రంగు తేలి ఆ రంగు కారం మిల్లు నుంచి వచ్చినప్పుడు, అధికారి ముందు మీరు చూపించాల్సింది ఆ కట్టలోని కాగితమే. ఏ బ్యాచ్ కారం ఏ తేదీ పచ్చడిలో వేశారో ఆ బిల్లు వెనకే రాసి పెట్టండి.